కృతిని వాద్యాలకు కూర్చినప్పుడు పోయేదేమిటి, తెలిసేదేమిటి

పర్లాకిమిడి నుంచి మీరు అడిగిన ప్రశ్నను ముందుగా నాకు అర్థమైన విధంగా చెప్పుకుంటాను. మీ అమ్మాయి వీణ మీద నేర్చుకున్న కృతులను తన స్నేహితులతో కలిసి వీణ, వేణువు, క్లారినెట్, కీబోర్డులకు సర్ది వాయించాలని అనుకుంటోంది. మృదంగం వాయించేవారు దొరకనందువల్ల వారిలో ఒక ఒడియా అబ్బాయి మర్దల (మృదంగం వంటి ఒడియా తాళవాద్యం) వాయిస్తానని ముందుకు వచ్చాడు. ఇంట్లో పెద్దలు మాత్రం కృతి పాడవలసినదే గాని ఇలా వాద్యాలకు పంచిపెట్టవలసినది కాదని, దీనివల్ల సంప్రదాయం చెడుతుందని అంటున్నారు. ఇలా కూర్చడంలో నిజంగా విలువ ఉందా, కృతి పాడైపోతుందా, మర్దలతో నడిపించవచ్చా అన్నవి మీ మూడు సందేహాలు.

నేను విజయనగరం బాణీలో వయొలిన్ నేర్చుకుని, బరంపురంలో తెలుగు పిల్లలకూ ఒడియా పిల్లలకూ చాలా కాలంగా నేర్పుతున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: విలువ ఉంది, అది చిన్న విలువ కూడా కాదు. ఒక రచనను ఒక వాద్యం నుంచి మరొక వాద్యానికి మార్చేటప్పుడు అడుగడుగునా ఏదో ఒకటి వదులుకోవలసి వస్తుంది, దాని స్థానంలో మరొకటి వెతుక్కోవలసి వస్తుంది. ఏది వదిలినా కృతి నిలబడుతుందో, ఏది వదిలితే కృతి కూలిపోతుందో అప్పుడే తేటతెల్లమవుతుంది. ఒకే వాద్యం మీద పదేళ్లు అదే కృతిని వాయించినవారికి కూడా కృతిలో ఉన్నదేదో, తమ చేతి అలవాటులో ఉన్నదేదో విడదీసి చెప్పడం కష్టం. వాద్యం మారిన రోజున ఆ రెండూ వాటంతట అవే విడిపోతాయి. మీ అమ్మాయికి ఈ ప్రయత్నం వల్ల కలిగే మొదటి లాభం ఇదే, సభలో చప్పట్లు వచ్చినా రాకపోయినా.

సంప్రదాయం గురించి పెద్దలకు ఉన్న భయం గౌరవించదగినదే. అయితే వారు ఏ వయొలిన్‌ను పక్కవాద్యంగా పెట్టుకుని కచేరీలు విన్నారో ఆ వయొలిన్ మన సంగీతంలోకి వచ్చి రెండు వందల ఏళ్లు దాటి ఎక్కువ కాలం కాలేదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు, ఆ తరువాత తంజావూరు సోదరులలో ఒకరైన వడివేలు దానిని మన గానానికి అలవాటు చేశారు. వారు చేసిన పని ఆలోచించండి. పాశ్చాత్యులు వాద్యాన్ని భుజం మీద పెట్టి గడ్డంతో అదిమి పట్టుకుంటారు. మనవారు నేల మీద కూర్చుని, వాద్యం తలను కుడి పాదం మీద ఆనించి, రెండో కొసను ఛాతీకి తగిలించుకుంటారు. ఇలా పట్టుకుంటే ఎడమ చేతికి వాద్యాన్ని మోసే బాధ్యత తప్పుతుంది, కాబట్టి చేయి తీగ మీద పైకీ కిందికీ స్వేచ్ఛగా జారగలుగుతుంది. తీగల శ్రుతిని కూడా వారు మార్చి షడ్జమం, పంచమం, మళ్లీ షడ్జమం, మళ్లీ పంచమంగా కట్టారు. వాద్యం చెక్క మారలేదు, కమాను మారలేదు. పట్టూ శ్రుతీ మారడంతో గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించే తీరు, పలికింది. విజయనగరం సంగీత కళాశాలలో 1919లో వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఈ వాద్యాన్ని గాయకుడి పక్కనుంచి వేదిక మధ్యకు తెచ్చినవారిలో ముఖ్యులు. పాశ్చాత్య వయొలిన్ వాదనను కూడా శ్రద్ధగా విని, కమాను నాదాన్ని అక్కడినుంచి గ్రహించి, రాగాన్ని మాత్రం ఇక్కడిదిగానే ఉంచిన మహనీయుడాయన. ఈ చరిత్ర మీ ఇంటి పెద్దలకు తెలియనిది కాదు, గుర్తుచేస్తే చాలు.

గాత్రం కూడా వాద్యాలకు అప్పుపడి ఉంది. రాగం తానం పల్లవిలో మనం వినే తానం వీణ మీటులోనుంచి పుట్టిన నడక; గాయకులు దానిని 'అనంతం', 'తానం' వంటి అక్షరాలతో గొంతులోకి తెచ్చుకున్నారు. ముత్తుస్వామి దీక్షితులు స్వయంగా వైణికులు కావడం వల్లనే ఆయన కృతులలో స్వరం మందగతిలో, ఒక మీటు నాదం ఆరిపోయేదాకా వేచి ఉన్నట్టు సాగుతుందని చాలామంది విద్వాంసులు చెబుతారు, నాకూ అది నిజమనే తోస్తుంది. అదే దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వాయించే వరుసలను విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చి, నలభైకి దగ్గరగా నొట్టు స్వరాలు రచించారు. బ్రిటిష్ రాజగీతం వరుసలో 'సంతతం పాహిమాం' అన్న అమ్మవారి స్తుతి ఉంది. మన వాగ్గేయకారత్రయంలో ఒకరు బ్యాండు సంగీతాన్ని గాత్రానికి కూర్చారంటే, గాత్రాన్ని వాద్యానికి కూర్చే పిల్లలను తప్పుపట్టడానికి ఆధారం మిగలదు.

ఈ పని విలువను అందరికన్నా స్పష్టంగా చూపించినవారు, నా దృష్టిలో, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోని పెద్దలు. బాఖ్ తన యౌవనంలో వివాల్డి వయొలిన్ కాన్చెర్టోలను (ప్రధాన వాద్యం బృందంతో కలిసి వాయించే రచనలను) ఆర్గన్‌కూ, మీటలు నొక్కి తీగలు పలికించే హార్ప్సికార్డ్‌కూ మార్చి రాసుకున్నాడు. నాలుగు వయొలిన్ల కోసం వివాల్డి రాసిన ఒక కాన్చెర్టోను తరువాతి కాలంలో నాలుగు హార్ప్సికార్డ్‌లకు కూర్చాడు. తన సొంత వయొలిన్ కాన్చెర్టోలను హార్ప్సికార్డ్‌కు మార్చినప్పుడు ఇ మేజర్‌లో ఉన్నదానిని డి మేజర్‌కు, ఎ మైనర్‌లో ఉన్నదానిని జి మైనర్‌కు, అంటే ఒక స్వరం కిందికి దింపాడు. ఆనాటి హార్ప్సికార్డ్ మీటలు వయొలిన్ ఎక్కేంత పైకి ఎక్కవు గనుక అలా దింపవలసి వచ్చింది. వయొలిన్‌లో ఒకే స్వరాన్ని కమానుతో సాగదీసిన చోట, నాదం వెంటనే ఆరిపోయే హార్ప్సికార్డ్‌లో అదే స్వరం చుట్టూ చిన్న చిన్న అల్లికలు వేశాడు. ఎడమ చేతికి కొత్త పని కల్పించాడు. రచయిత తానే అయినా, కాగితం మీది స్వరాలను యథాతథంగా ఎత్తి మరో చోట పెడితే చాలదని ఆయనకు తెలుసు.

ఇక్కడ కొంచెం ఆగి ఒక రచన గురించి చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. బాఖ్ ఒంటరి వయొలిన్ కోసం రాసిన డి మైనర్ పార్టిటా అనే రచనల వరుసలో చివరిది షాకోన్ అనే దీర్ఘమైన రచన. నాలుగు తీగల మీద ఒక్క మనిషి ఒక మహాభవనాన్ని లేపవలసిన రచన అది. దానిని పియానోకు ఇద్దరు రెండు విధాలుగా మార్చారు. బుసోని పియానోకు ఉన్న బలమంతా వాడి, రెండు చేతులా నిండుగా, గంభీరంగా ఆర్గన్ మోగినట్టు కూర్చాడు. బ్రామ్స్ 1877లో దానినే ఎడమ చేతి ఒక్కదానికే కూర్చి, కుడి చేతికి గాయమై ఉన్న క్లారా షూమన్‌కు పంపించాడు. పది వేళ్లూ వాడగలిగే వాద్యం ముందు కూర్చుని అయిదు వేళ్లతోనే వాయించాలన్న నియమం ఎందుకు? వయొలిన్ విద్వాంసుడు పడే శ్రమ, ఒక తీగనుంచి మరో తీగకు దూకేటప్పుడు కలిగే ఆ చిన్న ఎడం, ఉన్న కొద్దిపాటి సాధనంతోనే నిండుతనం సాధించాలన్న తపన, ఇవన్నీ ఆ రచనలో భాగమేనని బ్రామ్స్ గుర్తించాడు కాబట్టి. బుసోని వింటే ఆ రచనలో ఎంత విస్తృతి దాగి ఉందో తెలుస్తుంది. బ్రామ్స్ వింటే అది ఎంత ఇరుకులోనుంచి పుట్టిందో తెలుస్తుంది. మూలం వయొలిన్ మీద ఎంత వాయించినా ఈ రెండూ ఇంత విడివిడిగా కనబడవు. ఆ రెండు పద్ధతులనూ మీ అమ్మాయిని ఒకదాని తరువాత ఒకటి వినమనండి. పాశ్చాత్య సంగీతం అలవాటు లేకపోయినా తేడా తప్పక వినిపిస్తుంది.

వాద్యం మార్చడం వల్ల రచన బతికిన సందర్భాలు కూడా ఉన్నాయి. వియన్నాలో 1823 ప్రాంతంలో ఆర్పెజియోనె అనే వాద్యం పుట్టింది. గిటారులాగా ఆరు తీగలు, మెట్లు ఉండి, కమానుతో వాయించేది. షూబర్ట్ 1824లో దాని కోసం ఒక సొనాటా రాశాడు. ఆ రచన 1871లో అచ్చయ్యే నాటికే వాద్యం వాడుకలోనుంచి పోయింది. ఇప్పుడు చెల్లో మీద, వయోలా మీద వాయిస్తున్నారు కాబట్టే ఆ సొనాటా మనకు మిగిలింది. ముసోర్గ్‌స్కీ 1874లో పియానోకు రాసిన చిత్రప్రదర్శన రచనను రవెల్ 1922లో వాద్యబృందానికి కూర్చినప్పుడు, పాత కోట గురించిన భాగంలోని పాటను ఆల్టో శాక్సోఫోన్‌కు ఇచ్చాడు. పియానో స్వరాన్ని పట్టి నిలపలేదు, ఊపిరితో పలికే శాక్సోఫోన్ నిలపగలదు. పియానోలో ఊహించుకోవలసి వచ్చిన దీర్ఘస్వరం అక్కడ చెవికి వినబడుతుంది.

రికార్డులు లేని కాలంలో ఐరోపాలో సామాన్యులు బీథోవెన్ సింఫనీలను ఎక్కువగా తెలుసుకున్నది ఇళ్లలోని పియానోల మీదనే. లిస్ట్ అనే పియానో విద్వాంసుడు తొమ్మిది సింఫనీలనూ పియానోకు మార్చి రాశాడు. మన ప్రాంతం సంగతి కూడా అంతే. ఇచ్ఛాపురం నుంచి రాయగడ దాకా పల్లెల్లో సభలు లేవు, టిక్కెట్లు లేవు. కృతి అంటే పెళ్లి పందిట్లో సన్నాయి మేళం వాయించినదే. సాహిత్యం ఒక్క ముక్క తెలియకపోయినా రాగం ఎత్తుకోగానే తల ఊపే రైతులు మా చిన్నతనంలో ఎందరో ఉండేవారు. సన్నాయి మీద ఆ కృతులను నిలబెట్టిన మేళగాళ్లను ఎవరూ సంప్రదాయం చెడగొట్టారని అనలేదు, అనడం న్యాయం కూడా కాదు.

ఇక పని దగ్గరికి వద్దాం. వాద్యానికి కూర్చేటప్పుడు మొట్టమొదట పోయేది సాహిత్యం. త్యాగరాజస్వామి కల్యాణి కృతి 'నిధి చాల సుఖమా' తీసుకోండి. మిశ్రచాపు తాళంలో నడిచే ఆ పల్లవిలో నిధి సుఖమా, రాముని సన్నిధి సేవ సుఖమా అన్న ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న మాటల్లో వినబడనప్పుడు స్వరంలోనైనా వినబడాలి. వీణలో మీటు సాహిత్యాక్షరం మీద పడాలి, అక్షరం సాగే చోట మీటకుండా తీగ లాగుడుతోనే నడపాలి. వయొలిన్‌లో మాట పూర్తయ్యేదాకా కమాను తిప్పకూడదు. ఊదే వాద్యాలకు ఊపిరి మాట చివరే తీయాలి.

నా దగ్గరకు వచ్చే ఒక క్లారినెట్ కుర్రవాడు పెళ్లి బ్యాండులో పనిచేస్తాడు. ఇంట్లో తండ్రి సన్నాయి వంటి మహురి వాయిస్తాడు. చెవి చాలా చురుకైనది, ఒకసారి వింటే వరుస పట్టేస్తాడు, కానీ తెలుగు రాదు. ఈ పల్లవిని స్వరం తప్పకుండా వాయించేవాడు గాని 'సన్నిధి' మధ్యలో ఊపిరి తీసేవాడు. తెలుగు తెలిసిన ఎవరికైనా అక్కడ గుచ్చుకునేది, అతనికి మాత్రం ఏమి తేడా వచ్చిందో అర్థం కాలేదు. స్వరాల కింద సాహిత్యాన్ని ఒడియా లిపిలో రాయించి, ఒక్కో మాటకు అర్థం చెప్పి, ఊపిరి తీయవలసిన చోట పెన్సిలుతో గీత పెట్టించాను. ఆ తరువాత అతను 'సుఖమా' దగ్గర స్వరాన్ని ప్రశ్నలాగా కొంచెం నిలిపి వదిలాడు. అది నేను చెప్పినది కాదు, అర్థం తెలియడంతో తానే చేశాడు. వీణ నేర్చుకునే పిల్లలు అప్పుడు అతని దగ్గర విని తమ మీటులు సరిదిద్దుకున్నారు. మీ బృందంలో కూడా తెలుగు రానివారు ఉంటే కృతి మొత్తం వారి లిపిలో రాయించి, వాయించడానికి ముందు అందరూ తాళం వేస్తూ పాడే అలవాటు చేయండి. గొంతు బాగుండనవసరం లేదు, పాడితే చాలు.

రెండోది గమకం. తోడిలో గాంధారం ఒక చోట నిలిచే స్వరం కాదు. అది రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది. వీణలో తీగను మెట్టు మీద పక్కకు లాగి దానిని పలికించవచ్చు, వయొలిన్‌లో వేలు జార్చవచ్చు, వేణువులో రంధ్రాన్ని సగం మూసి తెరవవచ్చు, క్లారినెట్‌లో పెదవి పట్టుతోనూ వేలు మెల్లగా ఎత్తడంతోనూ చాలావరకు సాధించవచ్చు. ఎ.కె.సి. నటరాజన్ వంటి విద్వాంసులు క్లారినెట్ మీద, కద్రి గోపాల్‌నాథ్ శాక్సోఫోన్ మీద ఇది చేసి చూపించారు. మాండొలిన్ కథ మరింత బోధపరుస్తుంది. మామూలు మాండొలిన్‌లో రెండేసి తీగల జతలు నాలుగు ఉంటాయి. జత తీగలను ఒకేలా లాగడం కష్టం, నాదం కూడా వెంటనే తెగిపోతుంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకున్నారు. ఒంటి తీగ లాగుడుకు లొంగింది, విద్యుత్తు నాదాన్ని నిలిపింది, కర్ణాటక రాగం పూర్తిగా పలికింది. వాద్యం ఒప్పుకోని చోట రాగాన్ని కుదించకుండా వాద్యాన్నే మార్చుకోవడం ఆయన చూపిన దారి.

కీబోర్డు, హార్మోనియం ఈ విషయంలో లొంగవు. మీట నొక్కితే ఒక స్వరం పలుకుతుంది, మధ్యలో ఏమీ లేదు. ఈ కారణం కూడా చూపి ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని నిషేధించింది. అయితే అదే హార్మోనియం మన పద్యనాటకానికి ప్రాణం; రాగాలాపనలో దీర్ఘం తీసే నటుడి వెనక దానిని మించిన తోడు లేదు. కాబట్టి వాద్యం చెడ్డదని కాదు, దానికి తగని పని అప్పగించకూడదు. కీబోర్డుకు తోడి, సహాన, బేగడ వంటి రాగాలలో ప్రధాన వరుస ఎప్పుడూ ఇవ్వకండి. స్వరాన్ని వంచే చక్రం ఉంది కదా అని కొందరు దానితో గమకాలు వేస్తారు. అన్ని స్వరాలకూ ఒకే రకమైన ఊపు వచ్చి, నాకు వినడానికి బాధ కలుగుతుంది.

అయితే కీబోర్డుకు ఏమి ఇవ్వాలి? దీక్షితుల నొట్టు స్వరాలు శంకరాభరణంలో, గమకం లేకుండా, చదును స్వరాలతో ఉంటాయి. వాటిలో కీబోర్డు నిర్భయంగా ముందుండవచ్చు. హంసధ్వని, మోహనం వంటి రాగాలలో వెనక కార్డులు (ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుంపులు) వేయాలని పిల్లలకు తప్పక కోరిక పుడుతుంది. వేయనివ్వండి, కానీ ఒక కట్టుబాటుతో: రాగంలో లేని స్వరం కార్డులో కూడా ఉండకూడదు. హంసధ్వనిలో మధ్యమం, ధైవతం లేవు. షడ్జమ గాంధార పంచమాలు కలిపిన కార్డు, పంచమ నిషాద రిషభాలు కలిపిన కార్డు, గాంధార పంచమ నిషాదాలు కలిపిన కార్డు, ఈ మూడే దొరుకుతాయి. సినిమా పాటల అలవాటు ఉన్న పిల్లవాడి చేయి రెండో నిమిషంలో మధ్యమం కార్డు మీదికి పోతుంది. ఆ క్షణంలో హంసధ్వని హంసధ్వనిగా ఉండదు. మోహనంలో షడ్జమం మీది కార్డు, ధైవత షడ్జమ గాంధారాల కార్డు సరిపోతాయి. ఇంత తక్కువ సామగ్రితో వాయించడం విసుగని పిల్లలు అనుకుంటారు. ఆ ఇరుకులోనే ఏ అక్షరం కింద కార్డు మార్చాలో, ఎక్కడ ఊరకే ఉండాలో నేర్చుకుంటారు. ఏ రాగంలో సందేహం వచ్చినా షడ్జమ పంచమాలను మాత్రమే మెల్లగా నిలిపి ఉంచితే తప్పు రాదు.

శ్రుతి విషయం చప్పున చెబుతాను. వీణను, వేణువును ముందు కలపండి. వీణ తీగలు కొంత పరిధిలోనే బిగించగలం, వేణువు ఏ శ్రుతికి కొంటే ఆ శ్రుతిదే. కీబోర్డు ఒక బొత్తాంతో ఎక్కడికైనా మారుతుంది. క్లారినెట్ సాధారణంగా బి-ఫ్లాట్ వాద్యం, అంటే దాని మీద సి అని వేళ్లు వేస్తే బి-ఫ్లాట్ పలుకుతుంది. కీబోర్డు అబ్బాయి రాసుకున్న కాగితం అతనికి యథాతథంగా ఇస్తే ఒక స్వరం కింద వాయిస్తాడు. స్వరాలను స రి గ మలలోనే రాసి ఇస్తే ఈ చిక్కే ఉండదు, షడ్జమం ఎక్కడో ఒక్కటి చెబితే చాలు. వేణువు మంద్రస్థాయిలో వీణ దిగినంత లోతుకు దిగదు కాబట్టి దీక్షితుల కృతులలో మంద్రానికి దిగే చరణాలను వేణువుకు ఇచ్చి, పైస్థాయిలో వాయించమనడం సరికాదు. ఆ దిగుడు కోసమే ఆ చరణం ఉంది. అది వీణకే వదలండి.

అందరూ కలిసి మొదటినుంచి చివరిదాకా ఒకే వరుస వాయించడం మన బృందాలలో తరచుగా కనబడే పద్ధతి. సంఖ్యాబలం ఉంటుంది గాని ఒక్కో వాద్యం ఒక్కో గమకం వేయడంతో రాగం మసకబారుతుంది. ముందు ఒక పాఠం ఖాయం చేసుకోవాలి. మీ అమ్మాయి గురువుగారి దగ్గర నేర్చుకున్న పాఠమే ఆధారంగా ఉండాలి. యూట్యూబులో దొరికిన మూడు పాఠాలు కలిపి కుట్టకూడదు. ఆ తరువాత పంచుకోవాలి. పల్లవి మొదటి సంగతి (అదే పంక్తిని కొద్ది కొద్దిగా మార్చి పలికే ఒక్కో తీరు) వీణ ఒక్కటే వాయించి, రెండో సంగతిలో వేణువు చేరి, సంగతులు పెరిగేకొద్దీ వాద్యాలు పెరిగితే, సంగతి అనేది ఎందుకు పుట్టిందో విన్నవారికి బోధపడుతుంది: ఒకే మాటను మరింత లోతుగా అనడానికి పుట్టింది. అనుపల్లవి పైస్థాయికి ఎక్కే చోట క్లారినెట్‌కు మంచి అవకాశం. చిట్టస్వరం (కృతిలో ముందే కూర్చి ఉన్న స్వరాల భాగం) ఉంటే వీణ వేణువులు ఒక్కో ఆవర్తనం మార్చుకోవచ్చు. ఆకాశవాణి వాద్యబృందానికి ఈమని శంకరశాస్త్రిగారు వంటి మహావైణికులు కూర్చిన రచనలు ఎక్కడైనా దొరికితే వినిపించండి. ఏ వాద్యం ఎప్పుడు మౌనంగా ఉండాలో అక్కడ నేర్చుకోవచ్చు.

ప్రతి కూర్పుకూ విలువ ఉంటుందని నేను అనను. వేగం పెంచి, వెనక యాంత్రికమైన డ్రమ్ము పెట్టి, తారస్థాయిలో నాలుగు మెరుపులు మెరిపించి కృతి పేరు తగిలించే పద్ధతి ఇప్పుడు విరివిగా ఉంది. అందులో వాద్యం మారింది గాని ఎవరూ ఏమీ ఆలోచించలేదు, ఏమీ తెలుసుకోలేదు. అలాగే కొన్ని కృతులను కదపకుండా ఉంచడమే మంచిదని నా గట్టి నమ్మకం. శ్యామశాస్త్రి భైరవి స్వరజతి వంటివి గాత్రంలోనో, ఒంటరి వీణ మీదో, ఒంటరి వయొలిన్ మీదో వినవలసినవి. నలుగురు పంచుకుంటే దాని ఎడతెగని ఆర్తి తెగిపోతుంది. మీ పిల్లలు మొదట ఒక నొట్టు స్వరం, తరువాత హంసధ్వనిలో ఒక కృతి, ఆ తరువాత 'నిధి చాల సుఖమా' తీసుకుంటే మెట్టు మెట్టుగా పని పెరుగుతుంది.

మీరు అడగకపోయినా మన ప్రాంతానికి చెందిన ఒక సంగతి చెప్పాలి. పర్లాకిమిడిలో ఉంటూ కృతులను మాత్రమే కూర్చుకుని ఊరుకోవడం నాకు లోటుగా అనిపిస్తుంది. మీ ఊరివాడైన గోపాలకృష్ణ పట్టనాయక్ పదాలు, గంజాం ప్రాంతపు కవిసూర్య బలదేవ రథ్ చంపూ గీతాలు ఒడిస్సీ గానంలో మకుటాల వంటివి. 'క' నుంచి 'క్ష' దాకా ఒక్కో అక్షరంతో ఒక్కో గీతం సాగే ఆ చంపూ మన చెవులకు దూరమైనది కాదు. కేలూచరణ్ మహాపాత్ర నృత్యాలకు సంగీతం సమకూర్చిన భువనేశ్వర్ మిశ్ర వయొలిన్ విద్వాంసుడే. ఒడిస్సీ గీతం వయొలిన్ మీద ఎంత సహజంగా పలుకుతుందో ఆయన కూర్పులు వింటే తెలుస్తుంది. అయితే రాగం పేరు ఒకటే అయినంత మాత్రాన రూపం ఒకటే అనుకోవద్దు. ఆ మర్దల అబ్బాయి గురువు దగ్గరో, తెలిసిన ఒడియా గాయకుల దగ్గరో పాఠం నేర్చుకుని మరీ వీణ మీదికి తెచ్చుకోవాలి.

మర్దల సంగతి చివరికి వచ్చింది. నిస్సందేహంగా వాడవచ్చు. అది కూడా శ్రుతి చేసే వాద్యమే. మీరు ఖాయం చేసుకున్న శ్రుతిని అతనికి ముందుగా చెప్పండి, ఆ శ్రుతికి పలికే మర్దల తెచ్చుకోవలసి రావచ్చు. తాళంలో అతనికి అడ్డంకి ఉండదు. మన మిశ్రచాపు 7 మాత్రలు. ఒడిస్సీలో త్రిపట తాళం కూడా 7 మాత్రలే, కాబట్టి 'నిధి చాల సుఖమా' నడక అతని చేతికి కొత్త కాదు. ఆదితాళం కృతులకు నాలుగు మాత్రల ఏకతాళిని ఆధారంగా చేసుకుని 8 అక్షరాల ఆవర్తనం లెక్క పట్టుకోవచ్చు. మృదంగం మాటలను అతని చేత బలవంతంగా వాయించకండి, తన బాణీలోనే వాయించమనండి. ఒక్క చోట మాత్రం ముందుగా కూర్చుని మాట్లాడుకోవాలి: కృతి ముగింపులో మనం మూడుసార్లు వేసే ముక్తాయింపు, అతను 'మాన' అని వేసే మూడుసార్ల ముగింపు ఒకే పద్ధతివే అయినా, మనది సమానికి (తాళం మొదటి దెబ్బకు) రాకుండా పల్లవి ఎత్తుగడకు చేరవలసి ఉంటుంది. పల్లవి తాళంలో ఎక్కడ మొదలవుతుందో అతని చేత చేత్తో తాళం వేయిస్తూ పాడించి చూపించండి. ఆ ఎత్తుగడ అతనికి పట్టుబడితే మిగిలినదంతా రెండు మూడు సాధకాలలో కుదురుతుంది.